అరవై అయిదో పేజీ తెరవకండి

చదవకుండా మెచ్చుకునేవాడే సాహిత్యానికి అసలైన ఆప్తుడు.

ఈ మాటకు మీరు ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి! కాస్త నెమ్మది మీద ఆలోచిస్తే మీరే దారికొస్తారు. పుస్తకం చదివేవాడి వల్ల ఎవరికి సుఖం, చెప్పండి? వాడు చదువుతాడు. చదివాక వాడికో అభిప్రాయం పుడుతుంది. పుట్టిన అభిప్రాయం కడుపులో ఊరుకుంటుందా? రచయిత అడ్రసు కనుక్కుని బయలుదేరుతుంది. రెండో కథలో పెద్దాయన కార్తీకంలోనే పోయాడు కదా, ఉగాదికి పచ్చడి ఎలా కలిపాడు సార్ అని గుమ్మంలో నిలబడి అడుగుతుంది. ఆ పూట ఆ రచయితకు అన్నం సహిస్తుందా?

అదే చదవనివాణ్ణి చూడండి, ఎంత పెద్దమనిషో! రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి, పూలగుత్తి ఒకటి, ‘హార్దిక శుభాకాంక్షలు, మీ కలం నుంచి మరిన్ని ఆణిముత్యాలు జాలువారాలి’ అనే వాక్యం ఒకటి. మూడు సెకన్లలో పని పూర్తి. రచయితకు బీపీ పెరగదు, పాఠకుడికి కళ్లజోడు నంబరు మారదు, పుస్తకం నలగదు. పెట్టిన చోటే పెళ్లికూతురిలా కళకళలాడుతూ ఉంటుంది.

ఈ మహాసత్యాన్ని ముందుగా గుర్తించి ఆచరణలో పెట్టిన ఘనత మన పశ్చిమ శివారు రచయితల వేదికది. శేరిలింగంపల్లి మొదలుకొని పుప్పాలగూడ దాకా, వారమంతా అద్దాల మేడల్లో కంప్యూటర్లతో కుస్తీ పట్టి శనాదివారాల్లో తెలుగుతో కుస్తీ పట్టే నూట నలభై ఎనిమిది మంది ఇందులో సభ్యులు. అందరూ రచయితలే. పాఠకుడన్నవాడు మచ్చుకు ఒక్కడు లేడు. అందుకే ఏడేళ్లలో ఒక్క తగాదా లేదు, ఒక్క చీలిక లేదు, గ్రూపులోంచి ఒక్కరు అలిగి వెళ్లింది లేదు.

నెలనెలా వాట్సాప్‌లో ‘వేదిక వార్తలు’ అనే పత్రిక వస్తుంది. అందులో ‘కొత్త పుస్తకాలు’ శీర్షిక రాసే భాగ్యం ఈ విలేకరిది. ఇప్పటికి రెండు వందల పదకొండు పుస్తకాలను పరిచయం చేశాడు. ఈ విలేకరి ఎంత నిష్పక్షపాతి అంటే, వాటిలో ఏ ఒక్కదాన్నీ తెరిచి మిగతావాటికి అన్యాయం చేయలేదు.

ఇంత సజావుగా సాగుతున్న వేదికలో ఈ మధ్య ఒక ఉపద్రవం జరిగింది. ఒక పుస్తకాన్ని ఎవరో చదివేశారు! ఆ దెబ్బకు శివశంకర్ అనే నిక్షేపంలాంటి రచయిత ఏమైపోయాడో చెప్పి మిమ్మల్ని హెచ్చరించడానికే ఈ వ్యాసం.

ముందు మా అధ్యక్షులు రంగనాథ్ గారి గురించి చెప్పాలి. కర్నూలు వైపు మనిషి, ఒక పెద్ద కంపెనీలో డెలివరీ మేనేజర్. తెలుగు సాహిత్యం వెనకబడటానికి కారణం ప్రతిభ లేకపోవడం కాదు, ప్రాసెస్ లేకపోవడం అని కనిపెట్టిన మేధావి. ఆయన వచ్చాక ప్రతి సోమవారం పొద్దున గ్రూపులో అందరూ మూడు ముక్కలు రాయాలి. నిన్న ఏం రాశారు, ఇవాళ ఏం రాస్తారు, అడ్డంకులేమిటి. ఒక కవి వానమీద కవిత మొదలుపెట్టి పదకొండు వారాలు వరుసగా ‘అడ్డంకి: వాన పడలేదు’ అని రాశాడు. దాన్ని రంగనాథ్ గారు పెండింగులో పెట్టి, వర్షాకాలం రాగానే ఫాలోఅప్ చేశారు.

మూడు నెలలకోసారి రిలీజ్. అంటే ఆ మూడు నెలల్లో తయారైన పుస్తకాలన్నీ ఒకే రోజు, ఒకే క్లబ్‌హౌసులో, ఒకే ఇడ్లీ సాంబారు మీద విడుదలవుతాయి. ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండకూడదని అన్ని పుస్తకాలకూ ఒకే సైజు, ఒకే రకం అక్షరం, నూట ఇరవై ఎనిమిది పేజీలు. కథలా, కవితలా, కాశీయాత్రా అన్నది ప్రశ్నే కాదు, నూట ఇరవై ఎనిమిది! తక్కువైతే రచయిత ఫొటోలు చేర్చాలి. ఎక్కువైతే కోసేయాలి. పేజీ పైభాగాన పుస్తకం పేరు వేసే పాత చాదస్తాన్ని కూడా రంగనాథ్ గారు తీసేయించి, అక్కడ వేదిక గుర్తు వేయించారు. అన్నీ కలిపి ఒకే ప్రెస్సుకు వెళతాయి.

ఇక రచయితలను ఇద్దరిద్దరిగా జత చేస్తారు. జతలో ఒకరి పుస్తకానికి ఇంకొకరు ముందుమాట రాయాలి. వాళ్ల పుస్తకానికి వీళ్లు ‘వేదిక వార్తలు’లో సమీక్ష రాయాలి. ఇంత పకడ్బందీ ఏర్పాటులో చదవడం అనే దశ ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు.

పోయిన జనవరి రిలీజులో శివశంకర్ మొదటి కథల పుస్తకం ‘కంపచెట్టు నీడ’ వచ్చింది. అనంతపురం జిల్లా మనిషి, నల్లగండ్లలో కాపురం, రాయదుర్గంలో ఉద్యోగం. ఏం ఉద్యోగమనుకున్నారు? టెస్టర్! పదిహేడేళ్లుగా ఇతరులు చేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే ఆయన బతుకు. అలాంటివాడు తన పుస్తకం చేతికి రాగానే ఏం చేశాడు? అట్ట చూశాడు. వెనకట్ట మీద తన ఫొటో చూశాడు. లోపలి అట్టమీద తన పేరులో అక్షరాలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి, కాగితం వాసన పీల్చి, కళ్లు మూసుకుని, మూసేశాడు. రిలీజ్ అయిపోయాక తప్పు కనబడితే గుండె ఆగుతుందని ఆయన అనుభవం. ఆ తర్వాత తెరవలేదు.

ఆయన జత వెంకటలక్ష్మి గారు. కడప జిల్లా ఆవిడ, బ్యాంకులో రిటైరై, నల్లగండ్లలోనే అపార్టుమెంటు మిద్దె మీద కూరగాయలు పండిస్తారు. ఆవిడ పుస్తకం ‘మిద్దె మీద వంకాయ’. ఆవిడ ఈయన కథలకు ‘ఇందులో జీవితం తొణికిసలాడుతోంది’ అని ముందుమాట రాశారు. ఈయన ఆవిడ పుస్తకానికి ‘ప్రతి పేజీలోనూ మట్టివాసన గుప్పుమంటుంది, ముఖ్యంగా నడిమి పేజీలు నన్ను కదిలించాయి’ అని సమీక్ష రాశాడు. ఆవిడ సంతకం చేసి ఇచ్చిన ప్రతిని పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువా పక్క అరలో, తోటి రచయితల నలభై ఒక్క పుస్తకాల సరసన నిలబెట్టాడు.

నూట నలభై ఏడు శుభాకాంక్షలు వచ్చాయి. ఇంకేం కావాలండీ మనిషికి?

కానీ శివశంకర్‌లో ఒక లోపం ఉంది. ఆయనకు పాఠకుడు కావాలి! పదిమంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. లోపల ఉన్న ఒక మాట పట్టుకుని వచ్చి, దాని గురించి తనతో మాట్లాడేవాళ్లు. ముఖ్యంగా ‘బోరు బండి’ కథ గురించి. చేనులో బోరు వేయిస్తూ, నీళ్లు పడేదాకా లేవనని బండి పక్కన రాయి మీద కూర్చున్న ఈరక్క కథ అది. చిన్నప్పుడు తమ ఊళ్లో అలా కూర్చున్న ఒక మనిషిని ఆయన కళ్లారా చూశాడు. ఆమె మొహం ఎన్నేళ్లకూ వదల్లేదు. మూడేళ్లు రాశాడు ఆ ఒక్క కథను. ఆమె ఇంకొకరి కళ్లకు కూడా కనిపించిందా లేదా అన్నదే ఆయన బాధ.

అందుకని టెస్టింగ్ మొదలుపెట్టాడు. ఏ కథ నచ్చింది సార్ అని ఒకరినడిగితే అన్నీ అన్నారు. ఇంకొకాయన, మొదటిది మొదలుపెట్టాను, ఆస్వాదిస్తూ నెమ్మదిగా చదువుతున్నాను అని మూడు నెలలు చెప్పాడు. ఆఖరికి శివశంకర్ కడుపుమండి, క్యాబులో పక్కన కూర్చున్న సభ్యుణ్ణి ‘నీలి గొడుగు’ కథ ఎలా ఉందని అడిగాడు. పుస్తకంలో అలాంటి కథే లేదు. ఆ సభ్యుడు ఒక్క నిమిషం కిటికీలోంచి చూసి, గొడుగు మూసే చోట కళ్లు చెమర్చాయన్నాడు. ఎంత సున్నితమైన మనసు! శివశంకర్ దాన్ని మెచ్చుకోకుండా ఇంటికొచ్చి భార్య ప్రియాంక దగ్గర గంటసేపు ఏకరువు పెట్టాడు. మనుషుల్లో నిజాయితీ చచ్చిపోయిందన్నాడు, ఇంకెప్పుడూ రాయనన్నాడు.

ఆ కథలన్నీ టైపు చేసిపెట్టిన ప్రియాంక చిక్కుళ్ల ఈనెలు తీస్తూ అంతా విని, అర వైపు చూపించి ఒకే మాట అడిగింది.

‘‘నువ్వు ఎంతమందివి చదివినావు?’’

‘‘నాకు టైమ్ యాడుందబ్బా,’’ అన్నాడు శివశంకర్. ‘‘అది వేరే సంగతి.’’

నిజమే, అది వేరే సంగతి. రచయిత తీరిక లేక చదవడు, పాఠకుడు మాత్రం కావాలని చదవడు. ఈ తేడా ప్రియాంకకు తెలియలేదు.

ఏప్రిల్ సంచికలో వేరే సభ్యుడొకరు రాసిన ‘కంపచెట్టు నీడ’ సమీక్ష కూడా వచ్చింది. ‘కథల నడుమ రచయిత ఒక్కసారిగా ప్రకృతిలోకి మళ్లిన తీరు అపూర్వం’ అని ఉంది అందులో. అనంతపురం ఎండలు, బండరాళ్లు వర్ణించినచోటు కాబోలనుకుని శివశంకర్ కొంచెం ఊరట పొందాడు. పాపం, ఆ సమీక్షకుడు పుస్తకాన్ని సరిగ్గా నడిమికి తెరిచి అర పేజీ చదివాడని, అతను రాసింది అక్షరాలా నిజమని ఆయనకు అప్పటికి తెలియదు.

ఇటు వెంకటలక్ష్మి గారికి వేరే చిక్కు వచ్చిపడింది. ‘మిద్దె మీద వంకాయ’ వెనకట్ట మీద ఆవిడ ఫోన్ నంబరు ఉంది. తోటల పుస్తకం కొనేవాళ్లు మన సాహిత్య సంప్రదాయం తెలియనివాళ్లు. చదివేస్తారు! పైగా అందులో ఉన్నట్టే చేస్తారు. ఫోన్లు మొదలయ్యాయి. బోరు దగ్గర కూర్చున్న ఆమె సంగతి ఏమైందని ఒకరు, ఈరక్క భోంచేసిందా మేడమ్ అని ఇంకొకరు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. వయసు మీద పడ్డవాళ్లెవరో పొరపడుతున్నారనుకుని, లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొట్టమని అందరికీ ఓపికగా చెప్పి పెట్టేశారు. తన పుస్తకం తాను తెరిచి చూడొచ్చు కదా అంటారా? ఆవిడ కూడా రచయిత్రే కదండీ!

జూన్‌లో ఒకామె ఫోన్‌తో సరిపెట్టుకోలేదు. పుప్పాలగూడ నుంచి ఆటోలో నేరుగా వచ్చేసింది. పేరు భూలక్ష్మి. ఆ ఊరి ఆడపడుచు, అక్కడే ఇల్లు. ఒకప్పుడు వాళ్ల చేన్లు ఉన్నచోట ఇప్పుడు ముప్పై అంతస్తుల మేడలున్నాయి. చేయి ఊరుకోక ఇంటిమీద పెయింటు డబ్బాల్లో వంగ, బెండ, గోంగూర పెడుతుంది. నర్సరీలో కనబడితే ఈ పుస్తకం కొని, పత్రిక కాగితంతో అట్ట వేసుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. మధ్యలో ‘బోరు బండి’ అని వస్తే, తోటకు నీళ్ల సంగతి చెబుతున్నారనుకుంది. చదివేకొద్దీ అది నీళ్ల సంగతే గానీ వేరే రకమని తెలిసింది. ఎనభయ్యో పేజీలో ఎనిమిది వందల అడుగుల దగ్గర బోరులోంచి తెల్లటి దుమ్ము లేస్తుంది, ఈరక్క కళ్లార్పకుండా చూస్తూ ఉంటుంది. ఎదురుపేజీకి వస్తే, కుండీ అడుగున మూడు చిల్లులు పెట్టుకోవాలని ఉంది.

ఇక ఎలా ఉంటుంది ఆ మనిషికి? మీరే చెప్పండి!

వెంకటలక్ష్మి గారు అప్పుడు తెరిచారు తన పుస్తకాన్ని. అరవై అయిదో పేజీ నుంచి ఎనభై దాకా అక్కడే మిద్దె మీద నిలబడి చదివారు. తను రాసింది కాదు. ఎవరిదో తెలియదు. తాను ముందుమాట రాసిన పుస్తకంలోదేనని ఆవిడకు ఎలా తెలుస్తుంది, పాపం! ఒక పేజీ ఫొటో తీసి, ఇది ఎవరి కథ, నా తోటలోకి ఎలా వచ్చింది అని గ్రూపులో పెట్టారు. పది నిమిషాల్లో ముప్పై ఒక్క సమాధానాలు వచ్చాయి. అద్భుతం మేడమ్! శుభాకాంక్షలు! మట్టి పరిమళం! ఈ మూడోది ఈ విలేకరిదే.

శివశంకర్ అప్పుడు ఆఫీసులో నిలబడి, నిన్న ఏం చేశానో టీముకు చెబుతున్నాడు. చేతిలో ఫోన్ వెలిగింది. చూశాడు. ‘ఈరక్క కొంగు తీసి నెత్తిన కప్పుకుంది. బోరు బండి మళ్లీ అరిచింది’ అన్న వాక్యం కనిపించింది. తన వాక్యం! చెబుతున్నది సగంలో ఆపి లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగిపోయాడు.

ఇంటికి వచ్చి అర ముందు నిలబడ్డాడు. ‘మిద్దె మీద వంకాయ’ కవరు చేత్తో రాకపోతే పళ్లతో చింపాడు. అరవై అయిదో పేజీలో ‘బోరు బండి’ అని పెద్దక్షరాలతో ఉంది. తన పుస్తకం తీసి అదే పేజీ తెరిచాడు. వంగ ఆకు అడుగున తెల్లదోమ చేరినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఉన్నాయి. ప్రెస్సులో పదహారేసి పేజీలు ఒక కట్టగా మడుస్తారు. ఒకే సైజు, ఒకే అక్షరం, పైన ఒకే గుర్తు, కింద అవే అంకెలు. కట్టలు కుట్టేవాడికి కథేదో వంకాయేదో ఏం తెలుస్తుంది? అయిదో కట్టలు అటూ ఇటూ మారిపోయాయి. ప్రాసెస్ అంత పకడ్బందీగా ఉంది.

శివశంకర్ సోఫాలో కూలబడ్డాడు. ప్రెస్సు మీద కోపం రాలేదు ఆయనకు, సిగ్గేసింది. తనకు ఒక్క పాఠకుడు దొరకలేదని అయిదు నెలలు లోకాన్ని తిట్టిపోశాడు. ఆ అయిదు నెలలూ తన కథ తన మంచానికి ఆరడుగుల దూరంలో ఇంకొకరి పుస్తకంలో కూర్చుని ఉంది. నడిమి పేజీలు నన్ను కదిలించాయని తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు కూడా. ఒక్కసారి ఆ కవరు విప్పి ఉంటే జనవరిలోనే కనబడేది. ప్రియాంక మంచినీళ్లు తెచ్చిచ్చి, అర వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఏమన్నా అని ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

ఆదివారం పొద్దున వెంకటలక్ష్మి గారు ఆయన్ని వెంటబెట్టుకుని పుప్పాలగూడ వెళ్లారు. చుట్టూ మేడల మధ్య చిన్న డాబా. పైన భూలక్ష్మి వంగ మొక్కలకు నీళ్లు పోస్తోంది. ఇతనే శివశంకర్, ఆ కత రాసినాయన అని వెంకటలక్ష్మి గారు చెప్పగానే చెంబు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. శుభాకాంక్షలు చెప్పలేదు. కూర్చోమని కూడా అనలేదు.

‘‘సార్, నీళ్లు పడ్డయా?’’

శివశంకర్ అయిదు నెలలు ఎదురుచూసిన మాట అది. పడలేదమ్మా అన్నాడు.

‘‘మరి ఈరక్క ఏం జేసింది?’’

ఆయన తన పుస్తకంలో ఎనభై ఒకటో పేజీ తీసి చదివాడు. ఈరక్క లేచి, కొంగు దులుపుకుని, ఇంటికి వెళ్లిపోయింది. కథ అక్కడికి అయిపోయింది.

భూలక్ష్మి ఇంకా ఏమన్నా ఉందేమోనని కాసేపు ఆగింది. లేదని తెలిశాక నవ్వలేదు, కోప్పడలేదు, పద్దు తేలని మనిషిలా తల అడ్డంగా ఊపింది.

‘‘గట్లెట్ల పోతది సార్? ఊరోళ్లు పిలిస్తె లేవలే. పెనిమిటి బతిలాడితె లేవలే. రెండు దినాలు ఎండల కూసున్నది. గసొంటామె ఊకెనే లేచి పోతదా? ఆమెకు యాష్ట రాలే, యిసుగు రాలే సార్. మీకొచ్చింది.’’

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో వేదిక వర్క్‌షాపుల్లో నేర్పించారు. ముగింపు పాఠకుడి ఊహకు వదిలేశామని చెప్పాలి. శిల్పం అనాలి, ప్రతీక అనాలి. శివశంకర్ నోరు తెరిచాడు గానీ అవేవీ రాలేదు. నిజం బయటికొచ్చింది. పుస్తకం నూట ఇరవై ఎనిమిది పేజీలు దాటకూడదన్నారని, మిగతా కథలు పోను ఆ కథకు ఇక అర పేజీయే మిగిలిందని, గడువు తెల్లారే అని, ఆమె ఏం చేస్తుందో తనకూ అప్పటికి తెలియదని చెప్పేశాడు.

భూలక్ష్మి వెంకటలక్ష్మి గారి వైపు, మళ్లీ ఆయన వైపు చూసింది.

‘‘పేజీలు అయిపోయినయని మనిషిని ఇంటికి పంపిస్తరా?’’

వెంకటలక్ష్మి గారు తల వంచుకుని వంగ ఆకులు తిరగేయసాగారు. పదిహేడేళ్లలో వేలకొద్దీ తప్పులు పట్టినవాడికి తన కథలో ఉన్న ఒకే ఒక్క తప్పును పెయింటు డబ్బాల పక్కన నిలబడి ఆమె పట్టి చూపించింది. అదే అసలు తప్పని ఆయనకు ఆ క్షణమే తెలిసింది. ఎందుకో, బాధతో పాటు ఒళ్లంతా తేలికైంది. ఈరక్క ఇంకొకరికి కనిపించింది. అంత బాగా కనిపించింది కాబట్టే ఆమె ఇంటికి వెళ్లదని ఈమెకు తెలుసు.

వచ్చేటప్పుడు భూలక్ష్మి ఆయన పుస్తకం అడిగి తీసుకుంది. కథల కోసం అనుకునేరు! తన వంగకు తెల్లదోమ పట్టింది, దాని మందు సంగతి ఆ అయిదో కట్టలోనే ఉంది మరి.

మర్నాడు శివశంకర్ గ్రూపులో పెద్ద వివరణ పెట్టాడు. నా పుస్తకంలో అరవై అయిదు నుంచి ఎనభై దాకా పేజీలు తప్పు, అవి వెంకటలక్ష్మక్క పుస్తకంలోవి, నేను ఆవిడ పుస్తకం తెరవకుండానే సమీక్ష రాశాను, క్షమించండి అని నాలుగు పేరాలు. గంటలో అరవై మూడు సమాధానాలు. హార్దిక శుభాకాంక్షలు! ఇలాంటివి మరిన్ని రావాలి! ద్వితీయ ముద్రణకు అభినందనలు! రంగనాథ్ గారొక్కరే ఆలోచించి రాశారు. ఒక కథ పూర్తిగా తెలియాలంటే రెండు పుస్తకాలు కొనాలి కాబట్టి ఇది మంచి పద్ధతి, వచ్చే రిలీజు నుంచి అందరి అయిదో కట్టలూ ఇలాగే మార్చుదాం అన్నారు.

ఇప్పుడు చెప్పండి, పాఠకులు ఎంత ప్రమాదకరమో తెలిసిందా? ఒక్కరంటే ఒక్కరు చదివినందుకు హాయిగా శుభాకాంక్షలు అందుకుంటున్న మనిషి ఎలా చెడిపోయాడో చూడండి! శివశంకర్ ఇప్పుడు మీటింగులకు రావడం లేదు. శనాదివారాలు తలుపేసుకుని ‘బోరు బండి’ మళ్లీ రాస్తున్నాడు. అది ఒక్కటే యాభై పేజీలు దాటిందట! మిగిలిన సమయంలో అరలోని పుస్తకాల కవర్లు విప్పి ఒక్కొక్కటే చదువుతున్నాడు. చదివి ఊరుకుంటున్నాడా? వాన కవికి ఫోన్ చేసి, పద్నాలుగో కవితలో తడిసింది ఎవరు సార్ అని అడిగాడు. ఆ కవి మనస్తాపం చెంది గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఏడేళ్లలో మొదటి నిష్క్రమణ! రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, ఆ కవితే మార్చి రాసుకున్నానని చెప్పాడు. రోగం అంటుకుంటోంది.

అన్నిటికన్నా ఘోరం ఇంకోటి ఉంది. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి శివశంకర్‌కు పుప్పాలగూడ నుంచి ఫోన్ వస్తుంది. పూలగుత్తి ఉండదు, జోడించిన చేతులు ఉండవు. ఆవిడ మొక్కలకు నీళ్లు పోస్తూ ఒకే ప్రశ్న అడుగుతుంది. ‘‘సార్, ఈరక్క ఇంకా ఆడనే కూసున్నదా?’’ కూర్చునే ఉందమ్మా అంటాడు ఆయన, వెళ్లి మళ్లీ రాతకు కూర్చుంటాడు. ఒక రచయితకు ఇంతకు మించిన హింస ఉంటుందా? అందుకే చెబుతున్నా, ఏ పుస్తకమైనా సరే, అరవై అయిదో పేజీ తెరవకండి. ఆ రచయిత ప్రశాంతత పాడుచేయకండి.

ఈ విలేకరిదీ ఒక నవల ఉంది. వచ్చి నాలుగేళ్లయింది. నూట నలభై ఏడు శుభాకాంక్షలు వచ్చాయి. ఫోన్ నంబరు వెనకట్ట మీదే ఉంది.